బానెట్ కింద వెలుగు

రెండు మీటర్ల లైటు పట్టీ కోసం మా ఇంటి మీదికి పంచాయితీ వచ్చింది. ఆ పట్టీ నా చిటికెన వేలంత వెడల్పు కూడా ఉండదు. చుట్ట చుడితే టీ గ్లాసులో పట్టేస్తుంది. దాంతో మేము సముద్రంలో చేపల్ని మోసం చేసి పట్టబోతున్నామని మా పాళెం పాళెమంతా నమ్మింది. వినేవాళ్ళకు నవ్వు రావచ్చు. నాకు మాత్రం ఆ వారమంతా వచ్చింది కోపమే.

మాది ముత్తుకూరుకు అవతల, సముద్రం ఒడ్డునున్న పట్టపుపాళెం. నూట ముప్పై గడప. అందరికీ చేపల వేటే బతుకు. మా ఆయన మధుబాబు ఒక్కడే వేటకు పోడు. పదిహేడేళ్ళప్పుడు బోటు ఇంజనులో చెయ్యి పడి ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి. ఆ చెయ్యి వల లాగడానికి పనికి రాలేదు గానీ స్టీరింగ్ పట్టుకోవడానికి పనికొచ్చింది. పన్నెండేళ్ళ కిందట ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. పెళ్ళికైనా, పరీక్షకైనా, ఆసుపత్రికైనా పాళెంలో ఉన్నది ఆ ఒక్క కారే. ఆ వెనక సీట్లో పుట్టబోయి, ఎలాగో ఆసుపత్రి దాకా ఓపిక పట్టిన పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారు.

ఆ కారుకు పెద్ద శత్రువు ఉప్పుగాలి. మా దగ్గర ఇనుము ఏదైనా మూడేళ్ళకు చిలుమెక్కి రాలుతుంది. తీగల కొసలు పచ్చగా పూస్తాయి. అందుకే వారానికి రెండుసార్లయినా మా ఆయన బానెట్ ఎత్తుకుని, తల లోపల పెట్టుకుని కనిపిస్తాడు. ఆయన ముఖం కంటే వీపే నాకు ఎక్కువ పరిచయమని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఇక లైటు సంగతి. రెండేళ్ళ కిందట ఎక్కడివో పెద్ద బోట్లు పగటిలాంటి దీపాలు వేసుకుని మా వైపు వచ్చాయి. ఆ వెలుగుకు చేరిన చేపనంతా పిల్లా పెద్దా చూడకుండా ఊడ్చుకుపోయాయి. ఆ ఏడు మా వలల్లో నాచు తప్ప ఏమీ పడలేదు. అప్పుడు మా పెద్దకాపు కామాక్షయ్య అందరినీ గంగమ్మ గుడి ముందు నిలబెట్టి ప్రమాణం చేయించాడు. పెద్దకాపు అంటే పాళెంలో తగువులు తీర్చే పెద్దమనిషి. బ్యాటరీకి తగిలించి నీళ్ళలో వెలిగించే ఎల్ఇడి లైటు పాళెంలోకి రాకూడదు, ఎవరైనా తెస్తే ఆ ఇంటి మగవాళ్ళు ఆరు నెలలు వేటకు దిగకూడదు. ఇదీ కట్టుబాటు. మంచి కట్టుబాటే. ప్రమాణం చేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

మా ఇంట్లో వేటకు పోయేది నా మరిది పెంచలకృష్ణ. అతని భార్యకు ఏడో నెల. కారు మీద వచ్చేది కారుకే సరిపోతుంది. రెండు పొయ్యిలూ వెలిగేది అతని వేట మీదే. ఆ ఆరు నెలలు అతన్ని ఒడ్డున కూర్చోబెడితే మా గతి ఏమిటో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మరి ఆ లైటు ఎందుకు తెచ్చినట్టు? అది చెప్పాలంటే ముసలమ్మ అవ్వ గురించి చెప్పాలి.

ముసలమ్మ అంటే కామాక్షయ్య తల్లి. పుట్టినప్పుడే ఆ పేరు పెట్టారట. "పేరుకు తగ్గట్టు బతకడానికి డెబ్బై ఏళ్ళు పట్టిందే నాకు" అని తనే నవ్వేది. ఎండు చేపలు ఆరబెట్టే దగ్గర ఆవిడ లేకపోతే మాకు పొద్దుపోయేది కాదు. ఆవిడకు ఆయాసం. కార్తీకంలో ముసురు పట్టిందంటే ఎక్కువవుతుంది.

ఆ రోజు దీపాలు పెట్టే వేళకు ఊపిరి అందక కూర్చుండిపోయింది. కామాక్షయ్య వేటకు పోయి ఉన్నాడు. అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. మేము ఆగలేదు. అవ్వను వెనక సీట్లో నా ఒడిలో పడుకోబెట్టుకున్నాను. మా ఆయన బండి తీశాడు. ఆ హడావిడిలో నా ఫోను ఇంట్లోనే మర్చిపోయాను.

ఉప్పుకాలువ కట్ట మీద ఒక గుంతలో చక్రం పడి లేచింది. ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు. ముందు లైట్లు మాత్రం బంగారంగా వెలుగుతున్నాయి. కట్టంతా పట్టపగల్లా ఉంది, బానెట్ కింద కాటుక చీకటి. మా ఆయన ఫోను పళ్ళ మధ్య పట్టుకుని వెతికాడు. ఐదు నిమిషాలకు దాని చార్జింగ్ అయిపోయింది. తర్వాత అగ్గిపుల్లలు. కారులో గంగమ్మ పటం ముందు ఊదొత్తులకని పెట్టుకున్న అగ్గిపెట్టె అది. ఒక్కో పుల్లా గీయడం, గాలికి ఆరిపోవడం. డీజిల్ వాసన. పుల్లలు అయిపోయాక చేత్తో తడిమాడు. ఐదు వేళ్ళూ, ఇంకో చేతి మూడు వేళ్ళూ.

నలభై నిమిషాలు. తర్వాత పోర్టు వైపు నుంచి ఒక లారీ వచ్చింది. క్లీనరు టార్చి వేసి పట్టుకున్నాడు. వేసిన నిమిషానికి దొరికింది. బ్యాటరీ ఎర్ర వైపు పెద్ద క్లాంపు మీదే ఇంకో సన్న తీగ బిగించి ఉంటుంది. ఇంజనుకు డీజిల్ అందాలంటే ఆ తీగలో కరెంటు ఉండాలి. అది ఊడి బ్యాటరీ పక్కన సందులోకి జారిపోయింది. పెద్ద క్లాంపు గట్టిగానే ఉంది కాబట్టి తడిమినప్పుడు చేతికి తేడా తెలియలేదు. సన్న తీగను పట్టి ఉంచాల్సిన నట్టు మాత్రం లేదు. కట్టు తీగతో చుట్టి బండి కదిలించాడు.

ముత్తుకూరు దాటాక నా ఒడిలో బరువు తెలిసింది. నేను ఆయనకు చెప్పలేదు. చెప్తే బండి ఆపేస్తాడని భయం. నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు ఆయాసం ఎన్నింటికి మొదలైందని అడిగాడు. చెప్పాను. ఆయన గోడ గడియారం చూశాడు, ఇంకేమీ అడగలేదు. ఆ చూపు నాకు చాలు.

కామాక్షయ్య తెల్లారి ఒడ్డుకొచ్చాడు. ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడ్డ మనిషికి నేను అబద్ధం చెప్పాను. "నిద్రలోనే పోయింది మామా. యాతన పడలేదు. దారిలో రవ్వంతసేపు బండాగింది, అంతే" అన్నాను. మా ఆయన పక్కనే నిలబడి తల దించుకున్నాడు.

దినాలు అయిన తర్వాత ఒకరోజు బానెట్ ఎత్తి చాలాసేపు ఊరికే చూస్తూ ఉన్నాడు. నేను టీ తీసుకుపోతే అన్నాడు:

"ఆ నట్టు ఊడిపడేది కాదు వనజా. వారం ముందరే నేను బిగించినా."

"మరి యాడికి పోయింది?"

ఆయన బ్యాటరీ వైపే చూశాడు. నాకే తట్టింది.

మా పాళెంలో ఒక పద్ధతి ఉంది. వేటకు పోయే మనిషి ఏది అడిగినా లేదనకూడదు. తాడు, లంగరు, డీజిల్ డబ్బా, ఏదైనా సరే. అడగాల్సిన పని కూడా లేదు, తీసుకుని పోవచ్చు. వాడుకున్న మనిషే తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టాలి. బోట్లలో జీపీఎస్‌కూ వైర్‌లెస్‌కూ బ్యాటరీ కావాలి కదా. ఎవరి బ్యాటరీ పడుకున్నా మా కారు బానెట్టే ఎత్తుతారు. అవ్వ పోయిన ముందు రోజు కామాక్షయ్య బోటు బ్యాటరీ పడుకుంది. మా కారుది విప్పుకుపోయాడు. మర్నాడు మధ్యాహ్నం తెచ్చి, మా ఆయన నిద్ర చెడగొట్టడం ఇష్టం లేక తనే పెట్టి, క్లాంపులు బిగించి, సాయంత్రం తన బ్యాటరీతో మళ్ళీ వేటకు పోయాడు. పెద్ద నట్లు రెండూ బిగించాడు. సన్న తీగది మర్చిపోయాడు.

"పెదనాయన చేత్తో పెట్టినాడు" అన్నాడు మా ఆయన. "వాళ్ళమ్మనే తీసుకపోతుండామని ఆయనకేం తెలుసు? ఈ మాట చెవిన పడితే ఆ మనిషి ఇంక తాడు పట్టుకోగలడా? నువ్వు నోరు తెరవబాక. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను. నా నోటి సంగతి ఎరిగిన వాళ్ళు ఎవరూ ఇది నమ్మరు.

ఆ రోజు నుంచి ఆయనకు నిద్ర లేదు. తన తప్పు కాదని నేను వందసార్లు చెప్పాను. "నట్టు నాది కాకపోవచ్చు. వెతికింది నేనే గదా" అంటాడు. ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. కారు బానెట్ కింద లైటు ఎలా పెట్టుకోవాలో ఎవరెవరో చూపిస్తున్నారు. ఎక్కువమంది షోకుకు పెట్టుకుంటున్నారు. నీలం రంగు, ఊదా రంగు, పెళ్ళి పందిరిలా. మా ఆయన ఆ రంగులేవీ చూడలేదు. తెల్లది కావాలి, నీళ్ళు తగిలినా చెడకూడదు, పన్నెండు వోల్టులది. అదీ ఆయన వెతుకులాట.

మా పాళెంలో పార్సెళ్ళన్నీ పెంచల్ దుకాణంలో దించుతారు. ఈ పెంచల్ వేరు, మా మరిది కాదు. పెంచల్‌కు ఒక బోటూ ఒక చిల్లర దుకాణమూ ఉన్నాయి. ఈ రెండింటికంటే పెద్దది నోరు. డబ్బా మీద నీటి చుక్కల మధ్య వెలుగుతున్న పట్టీ బొమ్మ చూశాడు. ఎల్ఇడి అన్న మూడు అక్షరాలూ కూడబలుక్కుని చదివాడు. అంతే. ఆ సాయంత్రానికి మా ఇంట్లో నీళ్ళలో వెలిగే దీపాలు దిగాయి. మర్నాటికి అవి పది అయ్యాయి. రెండు రోజులకు పెంచలకృష్ణ వాటిని బోటు అడుగున కట్టుకుని వేటకు పోతున్నాడు.

ఇవేవీ పట్టించుకోకుండా మా ఆయన పనిలో పడ్డాడు. పట్టీ వెనక ఉన్న జిగురుతో బానెట్ లోపల అంటించాడు. కారు ముత్తుకూరు పోయి వచ్చేసరికి ఇంజను వేడికి జిగురు కరిగి పట్టీ వేలాడింది. పీకేశాడు. ఈసారి బానెట్ ముందు అంచున, వేడి తక్కువగా తగిలే చోట, ఉన్న చిల్లుల్లోనే ప్లాస్టిక్ క్లిప్పులు బిగించి వాటిలో కూర్చోబెట్టాడు. పాత కారు తలుపుల దగ్గర ఉండే చిన్న స్విచ్చి ఒకటి తుక్కులోంచి తెచ్చాడు. బానెట్ మూస్తే అది నొక్కుకుని లైటు ఆరిపోతుంది, ఎత్తితే వెలుగుతుంది. రెండు చేతులూ పనిలో ఉన్నవాడు స్విచ్చి కోసం మూడో చెయ్యి ఎక్కడ తెస్తాడు? తీగను బానెట్ కీలు దగ్గర కాస్త వదులుగా వదిలాడు, ఎత్తి దించేటప్పుడు తెగకుండా. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టాడు. అతుకులన్నిటికీ గ్రీజు పూసి తొడుగులు తొడిగాడు.

ఎనిమిది వేళ్ళతో సన్న తీగలు మెలిపెడుతుంటే చూస్తూ కూర్చున్నాను. నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. ముసలమ్మ అవ్వ రాదు కదా. ఈ వెలుగు ఎవరికి? ఆ మాట పైకే అన్నాను.

"ఇంకెవురో ఒకరు ఎక్కుతారు గదా ఆ సీట్లో" అన్నాడు తల ఎత్తకుండా.

లోపలికి పోయి కాసేపు ఏడ్చాను.

ఆ మర్నాడు సాయంత్రమే పంచాయితీ. గుడి దగ్గరికి మమ్మల్ని పిలవలేదు, సాక్ష్యం ఇక్కడే ఉంది కాబట్టి వాళ్ళే వచ్చారు. పాతిక ముప్పై మంది. కామాక్షయ్య మా అరుగు మీద కూర్చున్నాడు. తల్లి పోయిన ఈ ఇరవై ఒక్క రోజుల్లో సగం మనిషి అయ్యాడు. గడ్డం గీయలేదు. మా ఇంటి మంచినీళ్ళు ఇస్తే చేతిలో పట్టుకున్నాడు గానీ తాగలేదు.

పెంచల్ మొదలుపెట్టాడు. "డబ్బా నా చేత్తో ఇచ్చినా. నీళ్ళలో లైటు అది. బొమ్మే ఉండాది దాని మీద."

"అది కారుకు" అన్నాడు మా ఆయన.

"కారుకు ముందర లైట్లుండాయి, ఎనక లైట్లుండాయి. ఇంకా యాడ పెడతావు?"

"బానెట్ కింద."

ఎవరో నవ్వారు. చీకటి పడుతోంది. కామాక్షయ్య నెమ్మదిగా "చూపించబ్బా" అన్నాడు. మా ఆయన కారు దగ్గరికి పోయి బానెట్ ఎత్తాడు.

నిజం చెప్పాలంటే అంత బాగా వెలుగుతుందని నేనూ అనుకోలేదు. పన్నెండేళ్ళుగా నాకు నల్లటి గుహలా కనిపించిన చోట ఒక్కో తీగా, ఒక్కో నట్టూ విడివిడిగా కనిపించాయి. గొట్టాల మీద దుమ్ము కూడా కనిపించింది. ముందు వరసలో నిలబడ్డ వాళ్ళు ఒంగి చూశారు. నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను.

పెంచల్ అంత తేలిగ్గా వదిలే మనిషా? "ఈ పొద్దు కారులో ఉండాది. క్లిప్పులు పీకితే రేపు బోట్లో ఉంటాది. తడిసినా చెడదు గదా? పన్నెండేళ్ళుగా లేంది ఇప్పుడే ఎందుకు కావాల్సొచ్చింది? అది చెప్పమను."

అందరూ మా ఆయన వైపు చూశారు. అడిగిన దాంట్లో తప్పు లేదు. పెంచల్ మీద ఎంత కోపమున్నా ఆ మాట ఒప్పుకోవాలి. జవాబు ఒక్కటే ఉంది, అది చెప్పకూడదని మా ఆయన నిర్ణయం.

"కంటికి ఆనడంలా" అన్నాడు.

"నిన్నటిదాకా ఆనింది గదా?"

మా ఆయన తల దించుకున్నాడు. అబద్ధం ఆడడం చేతకాని మనిషి అబద్ధం ఆడితే దొంగలాగే కనిపిస్తాడు. గుంపులో గుసగుసలు లేచాయి. "ఆరు నెలలు" అన్న మాట రెండుసార్లు వినిపించింది. గుమ్మంలో నిలబడ్డ నా తోడికోడలు కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. పెంచలకృష్ణ ముఖం పాలిపోయింది. అన్న ఎందుకు నోరు విప్పడం లేదో అతనికి తెలియదు, అతనికి కూడా మేము చెప్పలేదు.

ఎవరి తప్పును కాపాడడానికి ఎవరి నోటి దగ్గర కూడు తీసేస్తున్నాం? అరుగు మీద కూర్చున్న ఆ మనిషి మొహం చూశాను. నట్టు సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఆయన మీద జాలీ ఉంది, కసీ ఉంది. ఆ క్షణంలో కసే గెలిచింది. ఒట్టు గంగలో కలిసినా సరే అనుకున్నాను.

"నేను చెప్తా" అన్నాను ముందుకొచ్చి. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, విదిలించుకున్నాను. "ఎందుకు కావాల్సొచ్చిందో నేను చెప్తా. ఆ పొద్దు ఉప్పుకాలువ కట్ట మీద..."

"నువ్వాగమ్మా" అన్నాడు కామాక్షయ్య.

లేచాడు. నీళ్ళ గ్లాసు అరుగు మీద పెట్టి కారు దగ్గరికి నడిచాడు. వెలుగులోకి ఒంగి బ్యాటరీ వైపు చూశాడు. చిలుమెక్కిన వాటి మధ్య ఒక్క కొత్త నట్టు తెల్లగా మెరుస్తోంది. దాని మీద వేలు పెట్టాడు.

"ఇదేనా మధూ?"

"కాదు పెదనాయనా. అది ఊరకే మార్చినా. ఆ పొద్దు ఆగింది డీజిల్ పైపు దగ్గర..."

"అబద్ధం చెప్పబాక నాయనా. నీకు చేతకాదు."

మొలలో చెక్కుకున్న మడత విప్పాడు. అందులోంచి ఒక చిన్న నట్టు తీసి అరచేతిలో పెట్టి వెలుగులో చాపాడు. చెమటకు నల్లబడి ఉంది.

"ఆ పొద్దు వల దించినాక బోట్లో దొరికింది నాకు. బ్యాటరీ పెట్టిన చోట. చూస్తానే తెలిసింది మీ కారుదని. తెల్లారి ఇద్దాంలే అనుకున్నా." పిడికిలి మూశాడు. "ఒడ్డుకొచ్చేసరికి అమ్మ లేదు. దారిలో బండాగిందని ఈ పిల్ల చెప్పింది. అప్పుడు నట్టు నా మొలలోనే ఉండాది."

మా ఆయన వైపు తిరిగాడు.

"మీరొచ్చి అడుగుతారని చూసినా మధూ. రోజూ చూసినా. అడిగితే కాళ్ళ మీద పడదామనుకున్నా. మీరు అడగలా. మీరు అడగకపోయేసరికి నాకూ నోరు పెగల్లేదు. ఈ పొద్దు కూడా నోరు మూసుకుని నీకు ఆరు నెలలు వేస్తే సరిపోతాదేమో అనిపించింది, గంగమ్మ సాక్షిగా చెప్తుండా. అరుగు మీద కూర్చున్నంతసేపూ అదే అనుకున్నా." పెంచల్ వైపు తిరిగాడు. "ఇది చేపల లైటు కాదు పెంచలా. మా అమ్మ కోసం పెట్టిన లైటు. ఆలస్యంగా వచ్చింది, నా మూలంగా."

పెంచల్ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. నేను చెప్పబోయిన మాటే అది, ఆయనే చెప్పాడు. అయినా నాకు గెలిచినట్టు లేదు, ఎవరినో కొట్టబోయి ఆగినట్టుంది. ఇన్నాళ్ళూ మేము ఆయన్ని కాపాడుతున్నామనుకున్నాం. ఆ మనిషిని ఆ నట్టుతో ఒంటరిగా వదిలేశామని ఒక్కరోజు కూడా తట్టలేదు. పోయి అడిగి ఉంటే, తిట్టి ఉంటే, కొట్టి ఉన్నా బాగుండేది.

కామాక్షయ్య నా దగ్గరికి వచ్చాడు. గొంతు చాలా తగ్గించి అడిగాడు. "ఎంతసేపాగింది బండి?"

"నలభై నిమిషాలు మామా."

"నిద్రలో పోయిందంటివే. నిజమేనా అది?"

నేను తల అడ్డంగా ఊపాను.

"అయితే ఆ నలభై నిమిషాలూ అమ్మ ఏం జేసింది? చెప్పమ్మా. ఎట్టుండినా చెప్పు. రోజూ నాకు నేనే ఒక్కో రకంగా అనుకుంటుండా. నిజం అంతకంటే ఘోరంగా ఉండదులే."

అప్పుడు చెప్పాను. అప్పటిదాకా మా ఆయనతో కూడా అనుకోని మాటలు అవి, ఆయన విన్నవే అయినా.

"మాట్లాడతానే ఉండింది మామా. ఆయాసం వచ్చినప్పుడు ఆగేది, మళ్ళా మాట్లాడేది. ఈయన పుల్లలు గీస్తుంటే 'చెయ్యి కాల్చుకోబాకరా మధుగా, ఉండేదే ఎనిమిది వేళ్ళు' అని నవ్వింది. నన్ను చలేస్తుందా అని అడిగింది. తర్వాత 'కామాక్షయ్య ఒడ్డుకొచ్చినాడా' అనింది. ఇంకా రాలేదవ్వా, పొద్దున్నే వస్తాడు అన్నా. 'అయితే తొందరేముంది, వాణ్ణి రానీండి. పిల్లోడు వేట నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవురో ఒకరు ఉండాల గదా' అనింది."

అరవై ఏళ్ళ ఆ పిల్లోడు కారు అంచు పట్టుకున్నాడు. మొహం మీద వెలుగు పడుతోంది. గడ్డంలోని ప్రతి తెల్ల వెంట్రుకా కనిపిస్తోంది, వణుకుతున్న పెదవీ కనిపిస్తోంది. పాళెంలో తగువులన్నీ తీర్చిన మనిషి ముప్పై మంది ముందు నోరు తెరిచి ఏడవబోతున్నాడు.

మా ఆయన ఆయన పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఒక చేత్తో ఆయన భుజం పట్టుకుని, మూడు వేళ్ళున్న చేత్తో బానెట్‌ను మెల్లగా, చప్పుడు కాకుండా దించాడు. లైటు ఆరిపోయింది.

చీకట్లో ఆ ఏడుపు చాలాసేపు సాగింది. అంతమంది చేతుల్లో ఫోన్లు ఉన్నాయి, ఒక్కరు కూడా వెలిగించలేదు.